ఇక్కడ వేడినీళ్ళు లేవు

సత్యనారాయణపురంలో రైలు కట్టకు ఇవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టుకూ పిండిమరకూ మధ్య ఇరుక్కుని ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. 1980ల చివరి మాట ఇది. అప్పట్లో బెజవాడలో ఏ పేటకు వెళ్ళినా అలాంటి షాపు ఒకటి కనిపించేది. కొంత సొమ్ము డిపాజిట్టు కట్టి పేరు రాయించుకుంటే రోజుకు అర్ధరూపాయి అద్దెకు నవల ఇంటికి తెచ్చుకోవచ్చు. పుస్తకాలన్నిటికీ ఒకటే వేషం: ఖాకీ కాగితం అట్ట, వెన్నుకు గుడ్డ పట్టీ, మొదటి పేజీలో ఊదారంగు రబ్బరు స్టాంపు, దాని కింద 'పేజీలు చింపరాదు, గీతలు గీయరాదు' అని ఒక హెచ్చరిక.

వాటిలో చాలావరకు అసలు పుస్తకాలే కావు. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలను కత్తిరించి, వరసగా పేర్చి బైండు చేయించినవి. నాయకుడు నాయిక చెయ్యి పట్టుకోబోయే చోట పేజీ తిప్పితే అవతల గోంగూర పచ్చడి చేసే విధానం సగం, తలనొప్పి మాత్రల ప్రకటన సగం ఉండేవి. ఏదో ఒక వారం సంచిక దొరక్క మధ్యలో గండి పడేది. అలిగి రైలెక్కిన పిల్ల మరుసటి పేజీలో సీమంతం పీటల మీద కూర్చుని ఉండేది. ఆ మధ్యలో ఏం జరిగి ఉంటుందో నేనూ నా స్నేహితురాలూ కాలేజీకి నడిచే దారి పొడుగునా మాట్లాడుకునేవాళ్ళం.

షాపాయనను బాబాయ్‌గారు అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, భుజాన తువ్వాలు. మాటలు తక్కువ. "ఏమ్మా, అయిపోయిందా?" అని పుస్తకం అందుకుని చిట్టాలో టిక్కు పెట్టుకునేవారు, అంతే. చలం పుస్తకాలను మాత్రం బల్ల కింద పెట్టేవారు. ఆడపిల్లలు అడిగితే "అవి బయటికి వెళ్ళాయమ్మా" అనేవారు, కాలితో వాటిని ఇంకాస్త లోపలికి నెడుతూ. చలం ఒకప్పుడు ఈ ఊళ్ళోనే ఉండి, నానా మాటలూ పడి, 1950లో అరుణాచలం వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళి నలభై ఏళ్ళు కావస్తున్నా ఊరు ఇంకా జాగ్రత్తగానే ఉందన్నమాట. విశ్వనాథ సత్యనారాయణ కూడా ఈ ఊళ్ళో కాపురం ఉన్నవారే. ఆయన పుస్తకాలు పై అరలో, దేవుడి పటం పక్కన. ప్రేమ మీద ఊరి అభిప్రాయం ఏమిటో ఆ రెండు చోట్లూ చూస్తే తెలిసిపోయేది. అలాగని పై అరలో ఉన్న 'ఏకవీర'లో ఏమంత చల్లని సంసారాలున్నాయి గనక! ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరు ప్రేమించిన అమ్మాయి మరొకరికి భార్య అవుతుంది. నాలుగు బతుకులూ ఎండిపోతాయి. బాబాయ్‌గారు లోపల ఏముందో చదవకుండా అట్ట మీది పేరు చూసి అర నిర్ణయిస్తారని అప్పట్లో మా అనుమానం.

పెన్సిల్ రాతలు మొదట కనిపెట్టింది నా స్నేహితురాలే. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెచ్చుకున్నప్పుడు. ఆ నవలలో దయానిధి మనసు కుదురుగా ఒక చోట కూర్చోదు. ఎదుట ఉన్న మనిషిని వదిలేసి లేని మనిషి కోసం వెతుకుతుంది, ఆ మనిషి వస్తే మళ్ళీ మరో చోటికి పోతుంది. ఒక పేజీ అంచున సన్నటి, పొందికైన అక్షరాలతో ఇలా ఉంది: "ఇంత ఆలోచించేవాడు ఎవరినైనా ప్రేమించగలడా?"

తను నా చేతిలో పెన్సిలు లాక్కుని దాని కింద రాసేసింది. "ఆలోచించనివాళ్ళు మాత్రం ప్రేమించారా?"

నాకు గుండె ఆగినంత పనయింది. జరిమానా వేస్తారని భయం. తనకు అదేమీ లేదు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ అదే పుస్తకం అద్దెకు తెచ్చింది, ఇంట్లో వాళ్ళమ్మ "చదివిందే చదవడానికి మళ్ళీ డబ్బులా?" అని సణుగుతున్నా వినకుండా. జవాబు ఉంది. "లేదు. పెళ్ళి చేసుకున్నారు."

ఆ ఒక్క మాటతో తను పడిపోయింది. పడిపోవడమంటే మామూలుగా కాదు. అక్షరాలను చూసి మనిషిని కట్టేసింది. లా చదివే అబ్బాయి. కృష్ణలంకలో గది. సన్నగా ఉంటాడు, చేతి గడియారం కుడిచేతికి పెట్టుకుంటాడు. అక్కకు ఇంకా పెళ్ళి కాలేదు, అందుకే బయటపడడు. ఇవన్నీ ఎక్కడివి అని అడిగితే "ఆ రాత చూస్తే తెలియడం లేదూ?" అని నన్నే కోప్పడేది. అప్పటి నుంచి మా చదువు మారిపోయింది. కథ ఎటు పోతుందో పట్టకుండా అంచులే చూసేవాళ్ళం. ఒక నవలలో నాయకుడు వెన్నెల గురించి ఒక పేజీ మాట్లాడితే పక్కన "ఆకలి వేయడం లేదా ఇతనికి?" అని ఉండేది. మరోచోట, భర్త పోయిన ఒక పాత్ర వంటింట్లో రెండు కంచాలు పెట్టి ఒకటి తీసేసే చోట ఏమీ రాయలేదు. చిన్న అడ్డగీత మాత్రం ఉంది. ఆ గీత దగ్గర తను జవాబు రాయలేదు.

ఆ రాతలు ఎవరివో నాకు ఒక మధ్యాహ్నం తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి బాబాయ్‌గారు పక్క కొట్టు దగ్గర టీ తాగుతున్నారు. బల్ల మీద చిట్టా తెరిచి ఉంది. నా పేరు కోసం చూస్తుంటే 'ళ' కనిపించింది. తోక చివర వెనక్కి తిరిగి, తనను తానే తాకబోయి ఆగిపోయే 'ళ'. అంచుల్లో ఉన్నది అదే. పుస్తకాల పేర్లలో, చందాదారుల ఇంటిపేర్లలో, బాకీల లెక్కల్లో, పేజీ నిండా అదే తోక. గీతలు గీయరాదని స్టాంపు వేయించిన మనిషే, రాత్రి కొట్టు కట్టేశాక లోపల కూర్చుని తన పుస్తకాల మీద తనే రాసుకుంటున్నాడు. ఆయన భార్య పోయి చాలాకాలమైందని పిండిమర ఆవిడ అంతకుముందే ఒకసారి అంది. రెండు కంచాల దగ్గర అడ్డగీత ఎందుకో కూడా అప్పుడే అర్థమయింది.

నేను తనకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆ నెలలోనే సంస్కృతం క్లాసులో తేలింది. మార్కులు బాగా వస్తాయని ఇంటర్‌లో పట్టుకున్న సంస్కృతాన్ని డిగ్రీలో కూడా వదల్లేదు మేము. మాస్టారు శాకుంతలం నాలుగో అంకం చెబుతున్నారు. నాటకాల్లో శాకుంతలం, అందులో నాలుగో అంకం అని లోకమంతా మెచ్చుకునే భాగం. కూతురిని అత్తవారింటికి పంపుతూ కణ్వుడు పడే బాధకు మాస్టారి గొంతు కూడా వణికేది. నాకు మాత్రం ఆ అంకం మొదట్లోనే పని పడింది. శకుంతల పరధ్యానంలో ఉంటుంది. దుర్వాసుడు వస్తాడు, పలకలేదని శపిస్తాడు. ఆ శాపం ఆమె వినదు. పూలు కోస్తున్న అనసూయా ప్రియంవదలు వింటారు. ప్రియంవద పరుగెత్తి ఋషిని బతిమాలితే, గుర్తుగా ఇచ్చిన నగను చూపిస్తే శాపం తీరుతుందని చెప్పి వెళ్ళిపోతాడు. అప్పుడు ఇద్దరూ ఒక నిర్ణయానికి వస్తారు: ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి, శకుంతల సుకుమారి, తట్టుకోలేదు. ప్రియంవద అంటుంది, నవమాలిక తీగకు వేడినీళ్ళు ఎవరు పోస్తారు అని.

మాస్టారు ఆ వాక్యాన్ని అలవోకగా దాటేసి ముందుకు పోయారు. నేను అక్కడే ఆగిపోయాను. పక్క బెంచీలో తను నోట్సు చివరి పేజీలో లా విద్యార్థి గడియారం బొమ్మ వేస్తోంది.

స్నేహితులు ఏ దాపరికమూ లేకుండా ఉండాలని అందరూ అంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. ప్రేమలో ఉన్నవాళ్ళు అన్నీ చెప్పుకుని తీరాలి, లేకపోతే అది అనుమానంగా మారుతుంది. స్నేహంలో దాచిపెట్టే హక్కు కూడా ఉంటుంది. ఆ దాచినది అవతలి మనిషి మంచి కోసమేనా, మన సుఖం కోసమా అన్నది మాత్రం మనకు తెలిసి ఉండాలి. లా విద్యార్థి లేడని చెబితే తనకు పోయేది ఒక అబ్బాయి కాదు, సాయంత్రాలు. బాబాయ్‌గారికి పోయేది ఇంకా ఎక్కువ. జీవితమంతా చదివి, చదివినదాన్ని చెప్పుకునేందుకు మనిషి లేక, కాగితం అంచుకు చెప్పుకుంటున్న ఆయనకు మొదటిసారి ఎవరో బదులు పలికారు. ఆ బదులు పలికేది తన దగ్గర పుస్తకాలు తీసుకునే పిల్లల్లో ఒకతె అని ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు.

వేసవిలో కరెంటు పోయిన రాత్రులు మా డాబా మీద పడుకునేవాళ్ళం. నవారు మంచాలు రెండు దగ్గరగా జరుపుకుని, తడిపిన దుప్పట్లు కప్పుకుని. బెజవాడ ఎండ గురించి వేరే చెప్పాలా, అర్ధరాత్రికి కూడా గచ్చు కాలుతూ ఉండేది. అప్పుడు తను అసలు మాటలు మొదలుపెట్టేది. ఒక చోట ఉండలేకపోతున్నానని, పుస్తకం మధ్యలో ఉండగానే తర్వాతి పుస్తకం మీదికి మనసు పోతోందని, నిజంగా ఆ అబ్బాయి ఎదురుపడితే ఆ రోజే మొహం మొత్తుతుందేమో అని. ఒకసారి నేను మా నాన్నగారు పొద్దున్నే చదివే గీతలోంచి అర్జునుడి మాట చెప్పాను. మనసు చంచలమైనది కృష్ణా, దాన్ని పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టం అంటాడు కదా అని.

"గాలి కూడానా! నాది వడగాలే" అంది తను.

నవ్వాను గానీ, ఆ శ్లోకం నన్ను చాలా కాలం వదల్లేదు. మా ఊరికి అర్జునుడితో చుట్టరికం ఉంది. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి శివుడిని మెప్పించి పాశుపతం సంపాదించాడని స్థలపురాణం, విజయుడి పేరు మీదే విజయవాడ అని పెద్దలు చెప్పేవారు. కొండ మీద ఒంటరిగా నిలబడి తపస్సు చేసినప్పుడు ఆ మనిషికి మనసు నిలవడం గురించి ఫిర్యాదు లేదు. యుద్ధరంగం మధ్యలో, పక్కన స్నేహితుడు ఉన్నప్పుడు మాత్రం నా వల్ల కాదు అని చేతులెత్తేశాడు. మనసు ఎంత చెదిరి ఉందో బయటపెట్టడానికి కూడా మనకు ఒకరు కావాలేమో, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరి ముందు చెదరాలి గనక! కృష్ణుడు ఇచ్చిన జవాబు, అభ్యాసంతో వైరాగ్యంతో వశమవుతుందనేది, మా ఇద్దరికీ ఆ వయసులో రుచించలేదు. కానీ ఆయన ముందు 'నిజమే, కష్టమే' అని ఒప్పుకున్నాడు చూడండి, అది బాగా నచ్చింది. తర్వాత విశ్వరూపం చూసి భయపడిపోయి, అయ్యో, ఇన్నాళ్ళూ భోజనాల దగ్గరా ఆటల్లోనూ ఓ కృష్ణా, ఓ సఖా అని చనువుగా పిలిచేశానే, క్షమించు అంటాడు అర్జునుడు. గీత మొత్తంలో నాకు కళ్ళు తడిసేది అక్కడే. అంత చనువు లేకపోతే ఆ ప్రశ్న అడిగేవాడే కాదు.

డిగ్రీ పరీక్షలు అయిన వెంటనే తనకు సంబంధం కుదిరింది. భిలాయి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, క్వార్టర్సు. పెళ్ళికొడుకు మంచివాడే. చేతి గడియారం ఎడమచేతికే ఉంది. ఆ సంగతి పెళ్ళిపందిట్లో నా చెవిలో చెప్పి తనే నవ్వింది. శకుంతల కూడా వెళ్ళేముందు అడుగుతుంది, నా సఖులు నాతో రారా అని. వీళ్ళకూ పెళ్ళిళ్ళు చేయాలి, వీళ్ళు అక్కడికి రావడం తగదు, నీతో గౌతమి వస్తుంది అంటాడు కణ్వుడు. ఆ తర్వాత మూడు అంకాలు. రాజు మరిచిపోవడం, చేపకడుపులో ఉంగరం, మారీచాశ్రమంలో కొడుకు, అన్నీ ఉన్నాయి. అనసూయా ప్రియంవదలు మాత్రం ఇంక రంగం మీదికి రారు. కాళిదాసు అంతటివాడు వాళ్ళను ఆశ్రమంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ప్రేమకు ఏడో అంకం దాకా టికెట్టు ఉంది, స్నేహం నాలుగో అంకంలో దిగిపోవాలి. ఈ విషయంలో నాకు కాళిదాసు మీద ఇప్పటికీ కోపమే.

తర్వాత ఉత్తరాలు. ఇన్‌లాండు కవర్లు. తను ఎప్పుడూ అసలు సంగతి చివరికి నెట్టేది. మూడు పక్కలా వాతావరణం, కూరగాయల ధరలు, ఆడపడుచు కాన్పు రాసి, చోటు అయిపోయాక జిగురు అంటించే మడత మీద సన్నగా ఇరికించేది అసలు మాటను. నేను ఎంత జాగ్రత్తగా చింపినా ఆ మడతలో ఒక ముక్క జిగురుతో పోయేది. "నిన్న రాత్రి నాకు చాలా" అని ఉండి తర్వాతి మాట చిరిగిపోయేది. చాలా ఏమిటి? సంతోషమా, ఏడుపా, జ్వరమా? తిరిగి ఉత్తరం రాసి, జవాబు వచ్చేసరికి ఏమి రాసిందో తనకే గుర్తుండేది కాదు.

పైగా ఉత్తరాలు ముందు అత్తగారి చేతిలో పడేవి. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. క్షేమంగా ఉంటే "ఇక్కడ వేడినీళ్ళు లేవు" అని రాయాలి. మనసు బాగోలేకపోతే "నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి". మరీ కష్టమైతే "కాగుతున్నాయి". ఇది నాలుగైదు ఉత్తరాలు బాగానే నడిచింది. ఆ డిసెంబరులో అత్తగారు కొడుకును పిలిచి, పాపం కోడలు పుట్టింటివైపు వాళ్ళకు వేడినీళ్ళు లేవని మొరపెట్టుకుంటోంది, ఇక్కడి చలి బెజవాడ చలి కాదు, గీజరు కొనరా అని పట్టుబట్టి కొనిపించింది. ఆ తర్వాత ఆ మాట రాయడానికి తనకు చెయ్యి రాలేదు. అత్తగారంటే నాకు అప్పుడే గౌరవం కలిగింది.

కాలేజీ తర్వాత నేను బ్యాంకులో చేరాను, పెళ్ళి చేసుకున్నాను, బదిలీల మీద ఊళ్ళు తిరిగాను. ఉత్తరాలు పండగలకే పరిమితమయ్యాయి, ఫోన్లు వచ్చాక అవీ పోయాయి. ఇందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, అందరికీ జరిగేదే.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు తను వచ్చింది. పద్మావతి ఘాట్‌లో స్నానం చేసి మా ఇంటికి వచ్చి, తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుని, పొద్దున్నే వచ్చిన దానిలా తిన్నగా వంటింట్లోకి నడిచింది. సాయంత్రం సత్యనారాయణపురం వెళ్ళాం. రైలు కట్ట లేదు, దాని మీద బస్సుల కోసం వేసిన వెడల్పాటి రోడ్డు ఉంది. షాపు ఉన్న చోట ఫోన్లు బాగుచేస్తున్నారు. అక్కడ నిలబడి నేను ఇన్నేళ్ళు దాచిన సంగతి చెప్పాను. పెన్సిల్ రాతలు, లా విద్యార్థి, 'ళ' తోక, బాబాయ్‌గారు, అన్నీ. చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది.

తను శ్రద్ధగా విని, "పెన్సిల్ రాతలా? ఏ రాతలే?" అంది.

నిజంగానే గుర్తు లేదు. కృష్ణలంక గది లేదు, కుడిచేతి గడియారం లేదు. "లేదు, పెళ్ళి చేసుకున్నారు" అన్న మాట చెబితే పగలబడి నవ్వి, "భలే అన్నాడే, ఎవరతను?" అని అడిగింది. తనకు గుర్తున్నది వేరే. రైలు గేటు పడితే నేను కింద నుంచి దూరి అవతలికి పోయి, తనను ఇవతల వదిలేసి, గూడ్సు బండి పెట్టెలన్నీ దాటేదాకా అవతల నుంచి వేళ్ళతో లెక్కపెట్టి చూపించేదాన్నట. "ప్రతిసారీ వదిలేసి పోయేదానివే నన్ను" అంది. నేను గేటు కింద దూరిన జ్ఞాపకం నాకు పిసరంత కూడా లేదు. ఒకే స్నేహంలో ఉన్నామని ఇద్దరం ఇన్నాళ్ళూ అనుకున్నాం గానీ, ఆమె స్నేహం ఒకటి, నాది ఒకటి. రెండింటికీ దారి ఒకటే, రైలు ఒకటే.

ఆ రాత్రి వేడినీళ్ళ సంకేతం గుర్తుందా అని అడిగాను. అది గుర్తుంది. "గీజరు వచ్చింది కదే దాంతో" అంది. దాని మీద మాట శాకుంతలం మీదికి పోయింది. తనకు ఉన్నట్టుండి సందేహం వచ్చింది: "ఇంతకీ ఆ ఇద్దరికీ పెళ్ళిళ్ళు అయ్యాయా?"

కాళిదాసు చెప్పలేదు కాబట్టి మేమే తేలుస్తున్నాం. ఇప్పుడు ఫోనులో మాటలు రికార్డు చేసి పంపడం నేర్చుకుంది తను. భిలాయిలో తెల్లవారకముందే లేచి, చపాతీ పిండి కలుపుతూ పంపుతుంది. వెనకాల కుక్కరు కూతలు వినిపిస్తుంటాయి. అనసూయ పెళ్ళి చేసుకోలేదని, ఆశ్రమంలో లెక్కలన్నీ తనే చూసుకుందని నా వాదన. తను ఒప్పుకోదు. అనసూయకు మాలినీ నది అవతలి ఒడ్డున సంబంధం చూసిందట, శకుంతల కొడుకు బారసాలకు వెళ్ళలేదని ఆమెకు మనసులో కొంత ఉందట. ప్రియంవద మొగుడిది బదిలీల ఉద్యోగమట. ఆశ్రమాలకు బదిలీలేమిటే అంటే వినదు.

నిన్నటి మాట ఇది: "ప్రియంవదకు ఇద్దరూ మగపిల్లలే, ఇంకా నాతో వాదించకు. శకుంతల ఉత్తరం ముక్క రాయదు గానీ వీళ్ళు మాత్రం ఏటా వడియాలు పంపుతారు. అన్నట్టు, ఈసారి ఆవకాయకు గుంటూరు కారం నువ్వే పట్టించి పంపాలి, ఇక్కడ దొరికేది రంగే గానీ ఘాటు లేదు. రెండు కిలోలు చాలు. ఆడపడుచు అడిగితే మూడు."